నీళ్ళు పోసిందెవరు

"నీ ముక్కుకి అన్నీ వాసనలే," అన్నాడు భర్త, కారు సంగతి ఆమె మొదటిసారి చెప్పినప్పుడు. సోఫాలోంచి లేవలేదు. చేతిలో ఫోను పక్కన పెట్టలేదు.

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన చొక్కాలు ఒక దొంతర, అత్తగారి శాలువాలు ఒక దొంతర, కూతురి బడి బట్టలు ఒక దొంతర. "హీటర్ వేస్తే తియ్యటి వాసన వస్తోందండీ. పంచదార మాడినట్టు. వేడి గాలి కూడా సరిగ్గా రావట్లేదు. ఏదో కారుతున్నట్టుంది," అంది.

"తియ్యటి వాసనైతే మంచిదేగా, సెంటు కొనక్కర్లేదు," అన్నాడు. తన జోకుకి తనే నవ్వుకున్నాడు. మోకాళ్ళ మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చున్న అత్తగారు కూడా నవ్వింది. "నీ తలనూనె వాసనేమో చూసుకోమ్మాయ్," అంది. ఆమె తలకి నూనె రాసుకుని ఎన్ని నెలలైందో ఆమెకే గుర్తులేదు. రాసుకుని కాసేపు కూర్చునే తీరిక ఈ ఇంట్లో ఎవరైనా ఆమెకి ఇచ్చారా, నూనె వాసన గురించి మాట్లాడడానికి?

కారు ఆయన పేరు మీద ఉంది. నడిపేది మాత్రం ఆమె. ఆయన్ని ఆఫీసు బస్సు గుమ్మం ముందుకొచ్చి ఎక్కించుకుపోతుంది. అందరూ లేవకముందే అద్దం మీద పేరుకున్న మంచు గీకేది ఆమె. కూతుర్ని బడిలో దింపి, అత్తగారిని మోకాళ్ళ చికిత్సకి తీసుకెళ్ళి, అక్కడ అటెండరుకి అప్పజెప్పి, తన ఉద్యోగానికి పరుగెత్తి, సాయంత్రం ఇద్దర్నీ మళ్ళీ ఎక్కించుకుని, దారిలో మందులూ కూరగాయలూ కొని ఇంటికి చేర్చేది ఆమె. అయినా నలుగురిలో మాట్లాడేటప్పుడు అది "నా కారు". టైరు పంక్చరైన రోజు మాత్రం ఇంటికి రాగానే "నీ కారుకేమైంది?" అని అడుగుతాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ కారు ఎప్పుడు ఎవరిదవుతుందో ఆమెకి బాగా అలవాటైపోయింది.

ఆమె పనిచేసేది టీకాలు నిల్వచేసే కేంద్రంలో. ఒక్కోటీ ఇల్లంత పెద్ద శీతల గదులు, వాటి నిండా చిన్న చిన్న సీసాల పెట్టెలు. వాటికి వేడి ఎంత చెడ్డదో, మరీ చల్లదనం కూడా అంతే చెడ్డది. ఒక్కసారి గడ్డకట్టాయంటే మళ్ళీ కరిగినా పనికిరావు. చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. ఆమె సీసాని ఊపి, వెలుతురుకి పట్టి, అడుగున తెల్లగా పేరుకోవడం చూసి "ఇవి వద్దు" అంటుంది. అంతే, ఆ పెట్టె పక్కకి పోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. నీ కళ్ళకి అన్నీ తెల్లగానే కనిపిస్తాయని ఎవరూ వెక్కిరించరు. ఇంటికొస్తే అదే మనిషి, అవే కళ్ళు, అదే ముక్కు, గుమ్మం దాటగానే వాటి విలువ ఎక్కడికి పోతుందో ఆమెకి అర్థమయ్యేది కాదు.

ఆదివారం పొద్దున బానెట్ ఎత్తడం భర్తకి ఒక వేడుక. కాఫీ కప్పుతో కిందికి దిగుతాడు. పక్కవాటా ఇన్సూరెన్సాయన, ఎదురింటి రిటైరైన మాస్టారు వచ్చి చేరతారు. ముగ్గురూ నడుముల మీద చేతులు పెట్టుకుని ఇంజన్ లోపలికి తొంగి చూస్తారు. ఎవరూ దేన్నీ ముట్టుకోరు. ఇప్పటి బళ్ళలో దమ్ము లేదని ఒకరంటే, అంతా ప్లాస్టిక్కని ఇంకొకరంటారు. ఆ వారం ఆమె కూడా కిందికి దిగి, కారు కింద నేల మీది పచ్చటి చుక్కలు చూపించింది. ఇంజన్‌ని చల్లబరిచే పచ్చటి కూలెంట్ ఉండే డబ్బా సగానికి సగం ఖాళీ.

"మగ్గుతో నీళ్ళు పట్రా," అన్నాడు.

"నీళ్ళు కాదండీ, కూలెంటే పోయాలి. ఈ చలికి నీళ్ళు గడ్డకట్టుకుపోతాయి. ముందు ఎక్కడ కారుతోందో చూపించాలి."

"అబ్బో," అన్నాడు, ఇన్సూరెన్సాయన వైపు కన్నుగీటి. "మా ఆవిడకి రంగుంటే కానీ నమ్మకం కుదరదు. గుడ్డలైనా అంతే, కార్లో నీళ్ళైనా అంతే." ముగ్గురూ పడీ పడీ నవ్వారు. మాస్టారైతే నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె కదల్లేదు. భర్తే పైకెళ్ళి, ఆమె మొక్కలకి పోసే మగ్గుతో కుళాయి నీళ్ళు తెచ్చి డబ్బా నిండా పోశాడు. కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు కొడుకు చేతి పనితనాన్ని మురిపెంగా చూసింది.

ఆమె ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. వర్క్‌షాప్‌కి తనే తీసుకెళ్తానంది. "ఆడమనిషి వెళ్తే లేని రోగాలన్నీ అంటగడతారు. నాకు తీరికైనప్పుడు నేను తీసుకెళ్తా," అన్నాడు. కూలెంట్ డబ్బా కొనుక్కొచ్చింది. "ఎవరు కొనమన్నారు? నువ్వు ఇంజన్లో చెయ్యి పెట్టకు, ఉన్నది కాస్తా ఊడుతుంది," అని దాన్ని అటక మీద పాత సూట్‌కేసుల వెనక్కి తోసేశాడు. ఆదివారం తర్వాత ఆదివారం మగ్గు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. నేల మీద పచ్చటి చుక్కలు లేతబడ్డాయి, ఆ తర్వాత రంగే లేకుండా పోయాయి. "చూశావా, నీ పచ్చ చుక్కలు ఆగిపోయాయి," అని గెలిచినట్టు చెప్పాడు. చుక్కలు ఆగలేదనీ, కారుతున్నది ఇప్పుడు వట్టి నీళ్ళనీ చెబితే, "నీతో వాదించడం నా వల్ల కాదు," అని టీవీ శబ్దం పెంచాడు.

ఈలోగా కేంద్రంలో పెద్ద డాక్టరమ్మ ఆమెని గదిలోకి పిలిచింది. స్టోరుకి ఇన్‌ఛార్జిగా నిన్ను వేద్దామనుకుంటున్నాం అంది. పెత్తనంతో పాటు బాధ్యత కూడా, ఇంకా చీకటుండగానే వచ్చి తలుపులు తీసి, బళ్ళు బయల్దేరేలోపు పెట్టెలు సరిచూడాలి. ఆ వేళప్పుడు బస్సులుండవు. "కారుందిగా నీకు?" అని అడిగింది డాక్టరమ్మ. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఇంట్లో ఒప్పుకుంటారా?" అంది. అక్కడ పనిచేసే మగవాళ్ళని ఆ రెండో ప్రశ్న అడిగి ఉండదు. ఆమెకి చురుక్కుమంది, కానీ ఆ ఉద్యోగం ఆమెకి కావాలి. ఎంత కావాలంటే, ఎవరికీ చెప్పకుండా ఆ స్టోరు తాళాలు తన చేతిలో ఎలా ఉంటాయో ఊహించుకుని కారులో ఒక్కతే నవ్వుకునేంత. శుక్రవారంకల్లా మాట చెప్పమంది డాక్టరమ్మ. ఇంట్లో చెబితే, "చూద్దాంలే," అన్నాడు భర్త.

బుధవారం రాత్రి చలి కొరికేసింది. పొద్దున అద్దం మీద మంచు రేకులా గట్టిపడింది. ఆమె గీకి గీకి, వేళ్ళు మొద్దుబారాక, అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పింది. కూతురు గువ్వ ముందు కూర్చుంది. గువ్వ అసలు పేరు కాదు, అంత మెల్లిగా మాట్లాడుతుందని బడిలో పెట్టిన పేరు, ఇంట్లోనూ అదే నిలిచిపోయింది. గువ్వని దింపేదాకా బాగానే నడిచింది. ఆ తర్వాత హీటర్లోంచి వెచ్చటి గాలి పోయి మంచులాంటి గాలి రావడం మొదలైంది. వేడి చూపించే ముల్లు మాత్రం పైకి పాకుతోంది. లోపల చలి, ఇంజన్లో మంట. దీని అర్థం ఆమెకి వెంటనే తెలిసింది. పక్కకి తీసి, భర్తకి ఫోన్ చేసింది.

"మీటింగ్‌లో ఉన్నాను. మెల్లగా నడిపించుకుంటూ అమ్మని దింపెయ్. ఏం కాదు."

"ముల్లు ఎర్రగీత దాటిందండీ. ఇంకా నడిపితే ఇంజన్ పోతుంది."

"నీకు అన్నిటికీ కంగారే. నేను చెప్తున్నాగా ఏం కాదని," అని పెట్టేశాడు.

"వాడు నడపమన్నాడుగా, నడుపు," అంది వెనక నుంచి అత్తగారు. "మగాడికి తెలీదా?"

ఆమె నడపలేదు. ఇంజన్ ఆపేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. అత్తగారు గొణగడం మొదలుపెట్టింది. చలికి కాళ్ళు బిగుసుకుపోతున్నాయనీ, మాట వినే కోడళ్ళు ఎక్కడో అదృష్టవంతులకి దొరుకుతారనీ, తన రాత ఇట్లా తగలడిందనీ. ఆమె తన కోటు విప్పి ఆ మోకాళ్ళ మీద కప్పింది. రోడ్డు మీద నిలబడి వర్క్‌షాప్‌కి ఫోన్ చేసింది, స్టోరుకి ఆలస్యమవుతుందని చెప్పింది, చికిత్స చేసేవాళ్ళకి చెప్పింది. స్వెట్టర్లోంచి చలి దూరి ఒళ్ళంతా వణుకుతుంటే పళ్ళు బిగబట్టి నిలబడింది.

మెకానిక్ బండి కట్టి లాక్కెళ్ళాడు. వాళ్ళిద్దర్నీ వర్క్‌షాప్ ముందుగదిలో స్టవ్ దగ్గర కూర్చోబెట్టాడు. మంచివాడే, అత్తగారికి కాఫీ కూడా ఇప్పించాడు. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రేడియేటర్ చీలింది మేడమ్. లోపల నీళ్ళు గడ్డకట్టేశాయి. గొట్టం ఒకటి ముందే కారుతోంది, అది చిన్న పనే. కానీ ఈ చలిలో కూలెంట్ బదులు నీళ్ళెవరైనా పోస్తారా? ఇంకాస్త నడిపుంటే ఇంజన్ కూడా పోయేది." ఆమె నోరు తెరిచేలోపే అన్నాడు, "సార్‌కి తెలీకుండా మీరే పోసేశారా? సార్ నంబరివ్వండి, ఆయనతో మాట్లాడతాను."

బండి ఆయన పేరు మీదుంది, ఆయన సరేనంటే కానీ పని మొదలుపెట్టడు. ఆమె నంబరిచ్చింది. మెకానిక్ చేతులకి గ్రీజు, ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు. అంతా వివరంగా చెప్పాడు. చివర, "మేడమ్ తెలీక నీళ్ళు పోసినట్టున్నారు సార్," అన్నాడు.

ఆయన జవాబిచ్చేలోపు ఆమెకి నమ్మకం కలిగింది. ఆయన చెబుతాడు, నవ్వుతూనో సిగ్గుపడుతూనో చెబుతాడు, "అబ్బే, నేనే పోశానండీ," అంటాడు, ఎంతైనా మనిషి కదా అనుకుంది. నిజంగానే అనుకుంది. తర్వాత తల్చుకుంటే ఆమెకి అన్నిటికంటే ఒళ్ళు మండింది ఆ నమ్మకం గురించే.

"ఆ... ఆడవాళ్ళకి అవన్నీ ఏం తెలుస్తాయండీ," అంది ఫోనులోంచి భర్త గొంతు, చాలా ఉదారంగా. "పోనివ్వండి, ఏమీ అనకండి. బాగుచేసెయ్యండి."

మెకానిక్ జాలిగా ఆమె వైపు చూశాడు. ఏమీ అనొద్దన్న మొగుడు దొరికినందుకు అదృష్టవంతురాలన్నట్టు కూడా చూశాడు. ఆమెకి నేను కాదు అని అరవాలనిపించింది. అరిస్తే ఇద్దరు మగవాళ్ళు తేల్చేసిన మాటని కాదన్నట్టవుతుంది, కాదని రుజువు చెయ్యమంటారు, గయ్యాళి అనుకుంటారు. వరసగా ఇవన్నీ తోచేసరికి మాట గొంతులోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె గొంతులో అడ్డుపడినవన్నీ ఇట్లా వరసగా తోచినవే.

అత్తగారు కాఫీ తాగుతోంది. కిటికీలోంచి ప్రతి ఆదివారం కొడుకు మగ్గు ఎత్తడం కళ్ళారా చూసిన మనిషి. మెకానిక్ లోపలికెళ్ళాక, గొంతు తగ్గించి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోన్లే అమ్మాయ్. ఎవరు పోస్తే ఏముంది? నువ్వే పోశాననుకో. పరాయివాళ్ళ ముందు వాడి పరువెందుకు తియ్యడం?"

"నా పరువో అత్తయ్యా?"

"ఆడవాళ్ళం, మనదేముందే," అంది అత్తగారు. ఎగతాళి లేదు ఆ మాటలో, నిజంగానే ఓదారుస్తోంది. తనకి ఎవరో ఎప్పుడో చెప్పిన మాటనే ఇన్నేళ్ళూ నమ్ముకుని బతికిన మనిషి. ఆమెకి అత్తగారి మీద కోపం వచ్చింది, ఆ కోపం వెనకే ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగి, టాక్సీ పిలిచింది.

సాయంత్రం భర్త పెందలాడే వచ్చాడు. కోప్పడలేదు. అదే ఆశ్చర్యం, చాలా దయగా ఉన్నాడు. భోజనాల దగ్గర మెత్తగా మొదలుపెట్టాడు. "జరిగిందేదో జరిగింది. చలికాలం వెళ్ళేదాకా నువ్వు బండి తియ్యకు. ఆ ఇన్‌ఛార్జి పోస్టు కూడా వద్దని చెప్పెయ్. కార్లని చూసుకోవడం నీ వల్ల కాదని తేలిపోయిందిగా. చీకట్లో నడిరోడ్డు మీద ఆగిపోతే ఎవరు దిక్కు?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అబద్ధం ఆడుతున్న మనిషి మొహంలా లేదు. పొద్దున ఫోనులో అన్న మాటని సాయంత్రానికి ఆయనే నమ్మేశాడు. ఈ ఇంట్లో నిజం తయారయ్యే పద్ధతి ఇదన్నమాట. ఆయన అంటాడు, అత్తగారు తలూపుతుంది, ఆమె ఊరుకుంటుంది, అది నిజమైపోతుంది. రేపు ఇన్సూరెన్సాయన, మాస్టారు కూడా మా ఆవిడ నీళ్ళు పోసి రేడియేటర్ పగలగొట్టిన కథ విని నవ్వుతారు. వాళ్ళూ ఆ మగ్గుని చూసినవాళ్ళే.

"రేపు మాట్లాడదాం," అందామనుకుంది. నిజానికి అనబోయింది. పెద్ద డాక్టరమ్మకి ఏ కారణం చెప్పాలో కూడా మనసులో కూర్చుకోసాగింది. అత్తగారి చికిత్స, పిల్ల చదువు, చలి. అన్నీ ఎవరూ తప్పుపట్టలేని కారణాలు.

భర్త చెయ్యి చాచి ఏదో అందుకోబోయాడు. మోచెయ్యి తగిలి మంచినీళ్ళ గ్లాసు పడిపోయింది. నీళ్ళు బల్లంతా పాకి గువ్వ ఒళ్ళోకి కారాయి.

"సారీ నాన్నా," అంది గువ్వ చటుక్కున. తడిసిన గౌనుతోనే లేచి నిలబడింది. "నేనే, చూసుకోలేదు."

"జాగ్రత్తమ్మా," అన్నాడు ఆయన, అలవాటుగా.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. గ్లాసు గువ్వకి బారెడు దూరంలో ఉంది. పిల్ల చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. అయినా తప్పు ఎంత చప్పున వెళ్ళి ఆ పిల్ల నెత్తిన కూర్చుందో. ఎవరు నేర్పారు? బల్ల మీద పాలు ఒలికినప్పుడు, ఆయన తాళాలు ఆయనే ఎక్కడో పెట్టి మరిచినప్పుడు, అత్తగారు మందు వేసుకోనని మొండికేసి కళ్ళు తిరిగినప్పుడు, ఇల్లు ప్రశాంతంగా ఉండాలని ఆమె ఎన్నిసార్లు అంది ఈ మాట! నేనే చూసుకోలేదు. నేనే. ప్రశాంతత అనుకుంది దాన్ని. ఎదురుగా కూర్చుని ఒక పిల్ల ఆ మాటని పాఠంలా వింటోందని తెలీలేదు. ఇంక కొన్నేళ్ళకి ఇంకెవరింట్లోనో, ఇంకెవరి మోచెయ్యికో, ఈ పిల్ల ఇలాగే లేచి నిలబడుతుంది. ఆమెకి వణుకు పుట్టింది. పొద్దున రోడ్డు మీద కోటు లేకుండా నిలబడినప్పుడు కూడా అంత వణుకు రాలేదు.

"నువ్వు కాదు గువ్వా," అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే మామూలుగా వచ్చింది. "నీ చెయ్యి తగల్లేదు. నాన్న మోచెయ్యి తగిలింది. కూర్చో."

"ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు భర్త.

"కార్లో నీళ్ళు పోసిందీ నాన్నే. నేను వద్దన్నాను. నానమ్మ చూసింది."

అత్తగారు కంచంలోకి తల వంచేసింది. భర్త మొహం ఎర్రబడింది. "పిల్ల ముందు నా పరువు తీస్తున్నావా?" అన్నాడు. "సరే, నేనే పోశాను, అయితే ఏంటి? ఇంట్లో మన నలుగురికీ తెలుసు, చాలదా? ఊరంతా చాటాలా?"

"తప్పు నాదన్న మాట మీరు ఇంట్లో అన్నది కాదు కదండీ, మెకానిక్‌తో అన్నది."

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చింది. గౌను మార్చుకు రమ్మని గువ్వకి చెప్పబోయి, వద్దు, ఉండనీ, వినాలి అనుకుని తువ్వాలు మాత్రం ఇచ్చింది. తర్వాత తన ఫోను తీసి వర్క్‌షాప్‌కి చేసింది. ఇంకా మూసి ఉండరు. "ఏం చేస్తున్నావ్? పెట్టెయ్," అన్నాడు భర్త. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు. మెకానిక్ పలకగానే స్పీకర్ నొక్కి, ఫోను బల్ల మధ్యలో పెట్టింది.

"పొద్దున బండి తెచ్చినావిణ్ణి. వీలైనంత తొందరగా కావాలండీ, కొత్త డ్యూటీలో చేరుతున్నాను, చీకటుండగానే బయల్దేరాలి. ఇకమీదట బండి సంగతేదైనా నాకే ఫోన్ చెయ్యండి. ఇంకో మాట. నీళ్ళు పోసింది నేను కాదు. మావారు."

"అదేంటి మేడమ్... సార్ పొద్దున అలా అనలేదే?" అన్నాడు మెకానిక్.

"ఆయన ఇక్కడే ఉన్నారు, అడగండి," అంది. ఫోనుని భర్త కంచం పక్కకి జరిపి, గువ్వ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయనతో అంది, "చెప్పండి."